ఇవాళ్టి తేదీ

కృపారాణి తన ఫోనును భూపాల్ టేబుల్ మీద విసిరికొట్టినంత పని చేసింది.

"ఆదిభట్లల కొలువులని కొడితే గూగుల్‌ల అన్నిటికంటె పైన మీ సైటే వస్తది. ప్యాకింగ్‌కు యాభై మంది కావాలె, కింద ఇయ్యాల్టి తారీఖు. మూడుసార్లు కంపెనీ గేటు దాంక పోయిన. గవి రెండేండ్ల కిందనే నిండినయంట. వాచ్‌మన్ గూడ నవ్విండు!"

ఇబ్రహీంపట్నంలోని ఆ ఉద్యోగాల వెబ్‌సైట్ ఆఫీసుకు రాగానే భూపాల్ రోజూ చేసే మొదటి పని, ఆ తేదీ మార్చడం.

"తారీఖు కొత్తగుంటెనే పైకొస్తది అక్కా. మీరు దాని మీద ఒత్తినకొద్ది ఇంకా పైకి పోతది."

"అంటే పొద్దుగాల లేవంగనే రోజూ నేను ఒత్తుడే గీ అబద్ధాన్ని పైకి లేపిందా? తియ్యి. నా కండ్ల ముందట తియ్యి!"

భూపాల్ చెయ్యి మౌస్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"అది తీస్తే మా సైటు కిందికి పడిపోతది. నా కొలువు ఊడుతది అక్కా."

కృపారాణి ఫోను తీసుకుని అతని వంక చూసింది.

"అయితే, మీ సైటంతట్ల నిజంగ ఉన్న కొలువు నీదొక్కటేనన్నట్టు."