ఎడమచేతి పట్టు

మందుల షాపులో చిల్లర అందుకోబోయిన ముసలావిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చిల్లర ఇస్తున్న అమ్మాయి కుడిచేతికి ఆరు వేళ్లు.

"ఏం మామ్మగారూ, తక్కువైందా?"

"లేదు తల్లీ. ఆ మూల ఉన్నదేమిటి?"

"ఒంటి వయసు చెప్పే మిషను. నాడి, ఊపిరి, పిడికిలి పట్టు చూసి ఒంటికి నిజంగా ఎన్నేళ్లో చెబుతుంది."

ఆవిడ మాత్రలు సంచిలో పడేసుకుని, వెళ్లి మిషను ముందు కూర్చుంది.

"బస్సు కదలడానికి ఇంకా టైముందిలే. చూడు."

"ముందు మీ వయసు చెప్పండి."

"అది చెప్పడానికేగా ఈ మిషను!"

"అసలు వయసు కొడితేగానీ లెక్క కట్టదు మామ్మగారూ."

"ఎనభై నాలుగు."

మిషను కీచుమంది.

"ఎనభై దాటితే తీసుకోదండీ. అంతకు పైబడినవాళ్లని పరీక్షించిన లెక్కలు దీని దగ్గర లేవట."

"అయితే నేను లెక్కలోనే లేనన్నమాట."

అమ్మాయికి జాలేసింది.

"పోనీ, ఈ పిడి నొక్కండి. పట్టు ఎంతో దీనిమీదే కనిపిస్తుంది."

అమ్మాయి ఆవిడ వేళ్లను తన చేత్తో పిడిచుట్టూ సర్దింది. కుడిచేతికి అంకె గబగబా పెరిగింది. ఎడమచేతికి సున్నా దగ్గరే నిలబడిపోయింది.

"ఆ చెయ్యి పనైపోయి చాలా ఏళ్లయిందమ్మా. ఒకసారి గట్టిగా పట్టుకోవలసి వచ్చింది."

"ఎవర్ని? తాతగారు పారిపోబోతుంటేనా?"

"ఆయన్నయితే వదిలేసేదాన్నే!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ అమ్మాయి ఆరో వేలు పట్టుకుంది, నవ్వు ఆగాక కూడా వదల్లేదు.

"అమ్మా నాన్నా బాగున్నారా?"

"అమ్మ ఉంది. నాన్న నా పసితనంలోనే పోయారు."

ఆవిడ ఆ వేలిని మెల్లగా నిమిరింది.

"నీకెన్నేళ్లు తల్లీ?"

"ముప్పై రెండు."

"ముప్పై రెండు!" మెల్లగా మళ్లీ అనుకుంది.

బయట బస్సు హారన్ మోగింది. ఆవిడ లేచింది.

"మీ వయసు తేలనేలేదు మామ్మగారూ!"

"నాకు కావలసిన వయసు తెలిసిపోయిందిలే."

ఏడాది తిరిగాక మిషనుకు కొత్త ప్రోగ్రాం వేశారు. ఇప్పుడది నూరేళ్లదాకా తీసుకుంటుంది.

ఆ సాయంత్రం తల్లి మోకాళ్లకు మందు రాస్తూ అమ్మాయి అంది:

"పోయినేడు ఒక మామ్మగారొచ్చారమ్మా. వయసెక్కువని మిషను వెళ్లగొట్టేసింది, పాపం. ఇప్పుడొస్తే బాగుండు. నా ఆరో వేలు పట్టుకుని వదలరే! ఒక చేతిలో మాత్రం పట్టే లేదు."

తల్లి కాలు వెనక్కి తీసుకుంది.

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"పేరు అడిగావా? ఊరు?"

"వయసొక్కటే అడిగానమ్మా."

తల్లి కూతురి ఆరో వేలిని తన చేతిలోకి తీసుకుంది. పడవ తిరగబడి భర్త పోయిన రోజు గురించి ఆమె కూతురికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

మర్నాటినుంచి షాపు ముందు ఆగే ప్రతి బస్సు దగ్గరికీ ఇద్దరూ వెళ్లి, దిగేవాళ్ల చేతులవైపు చూస్తున్నారు. తిరగబడ్డ పడవను కుడిచేత్తో పట్టుకుని, ఎవరో కన్న పసిగుడ్డును పొద్దు వాలేదాకా నీళ్లకు పైన ఎత్తిపట్టుకుని, తన పట్టంతా ఆ పిల్లకే ఇచ్చేసి వెళ్లిపోయిన ఎడమచెయ్యి కోసం.