బుధవారం పేషెంట్లు

రామచంద్రమూర్తికి కడుపు మండిపోతోంది. ఆ మంటకు ఆయన హోమియో మందుల్లో విరుగుడు లేదు.

అబిడ్స్‌లో ఇరవై రెండేళ్ల క్లినిక్ ఆయనది. హస్తవాసి మంచిదని పేరు. అలాంటిది, మూడు నెలలుగా ఆయన ఆడ పేషెంట్లు ఒక్కొక్కరే నాంపల్లిలో డాక్టర్ రశ్మి గది ముందు తేలుతున్నారు. బుధవారం వచ్చిందంటే ఇక్కడ బెంచీలు ఖాళీ, అక్కడ తిరనాళ్లు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముందస్తు పరీక్షట. ఉచితమట. ముప్పై దాటిన ప్రతి ఆడదీ చేయించుకోవాలట. ఏం చోద్యమో!

ఆ రశ్మి కిందటి దసరా ముందు ఈయన దగ్గరికే వచ్చింది. "మీరంటే ఆడవాళ్లకు గురి, సార్. కళ్లద్దాల షాపువాళ్లూ, పళ్ల డాక్టరుగారూ మాతో కలిశారు. మీరూ మీ పేషెంట్లకు ఒక్క మాట చెప్పండి" అంటూ పోస్టర్ చేతిలో పెట్టింది.

"నా పేషెంట్లను నా చేత్తోనే మీకు అప్పజెప్పమంటారా?" అని ఆ పోస్టర్ అలాగే తిప్పి పంపేశాడు.

ఇప్పుడు అప్పజెప్పకుండానే పోతున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

"కమలా, ఆవిడ ఏం మాయ చేస్తోందో చూసిరా" అన్నాడు భార్యతో. క్లినిక్‌లో మందులు కట్టిచ్చేది కమలకుమారే.

"మనకెందుకండీ?"

"ఎందుకేమిటి? మన క్లినిక్‌కు తాళం పడ్డాక వెళతావా?"

కమలకుమారి వెళ్లింది, వచ్చింది.

"మాయా లేదు, మంత్రమూ లేదు. ఐదు నిమిషాల పని. ఆవిడ నెమ్మదిగా మాట్లాడుతుంది. అంతే."

"అదిగో, నువ్వూ పొగుడుతున్నావు! కొంపదీసి టెస్టుకు పేరు రాయించుకొచ్చావా? నా పెళ్లాం ఆవిడ ముందు లైన్లో నిలబడితే నా పరువేం కావాలి?"

కమలకుమారి సీసాలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

మరుసటి బుధవారం ఆయనే ఆటో ఎక్కాడు. ఎవరో తన పేషెంట్లను దారి మళ్లిస్తున్నారు. వాళ్లెవరో తేల్చుకుని కడిగేయాలి.

రశ్మి గది ముందు ఇరవై మంది. సగం తనవాళ్లే! ముందు వరసలో ఉస్మాన్‌గంజ్ సమ్మక్క. ఎనిమిదేళ్లుగా మోకాళ్ల నొప్పులకు తన మందే వాడుతోంది. ఇప్పుడు కూడా ఒళ్లో తన క్లినిక్ కవరే ఉంది.

"సమ్మక్కా! నా మందు పట్టుకుని ఇక్కడికెందుకొచ్చావ్? నిన్నెవరు పంపారు?"

"గదొక్కటి అడగకున్రి సార్. మీకు జెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకున్నది."

"ఏ అమ్మ?"

సమ్మక్క నాలుక కరుచుకుని కవర్‌ను కొంగు కింద దాచబోయింది. అందులోంచి ఓ చీటీ జారింది. ఆయన చటుక్కున అందుకున్నాడు.

"వద్దు సార్, చదవకున్రి! నా కోడలు చదివి చెప్తే ఇద్దరం ఏడ్చినం."

రాత చూడగానే ఆయన కోపం నషాళానికంటింది. కమల రాతే! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈయన పట్టేశాడు. దీని సంగతి అందరి ముందే తేలాలని, లైనంతా వినేలా గొంతెత్తి చదివాడు:

"మీరూ వెళ్లండమ్మా, ఆ పరీక్ష చేయించుకోబట్టే నా క్యాన్సర్ మొదట్లోనే దొరికి ఒక్కరోజు చికిత్సతో బతికి బయటపడ్డాను, మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు."