పాప నుదుటి తడి

"దేవుణ్ణి నమ్మనివాడి కూతురికి బాప్తిస్మం ఏమిటమ్మా? ఈ తెల్లగౌను నువ్వే తొడుక్కో!" అంటూ మెకానిక్ ఆ బుల్లి గౌనును తల్లి ఒళ్లోకి విసిరికొట్టాడు.

"నరకానికి పోతే నువ్వు పో. నా మనవరాల్ని ఎందుకురా వెంట లాక్కుపోతావ్?" అంది ముసలావిడ, గౌను మడతపెడుతూ.

"విన్నావా ఈవిడ మాటలు? మనకివేమీ వద్దని నువ్వైనా చెప్పు!" భార్య మీద విరుచుకుపడ్డాడు.

ఆమె నిద్రపోతున్న పాపను భుజం మార్చుకుంది. "అరవకండి. ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఆస్పత్రిలో పాపను అద్దాలపెట్టెలో పెట్టి, మా చేతుల్లో ఏమీ లేదని డాక్టరు అన్న రోజున, నేనే నుదుటి మీద నీళ్లు చల్లాను."

"నువ్వా? పాప బర్త్ సర్టిఫికెట్ ఫారంలో మతం లేదని పట్టుబట్టి రాయించినదానివి! కాస్త భయమేస్తే చాలు, చేతులు జోడించెయ్యడమేనా? సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు." ఆమె సూటిగా అతని కళ్లలోకి చూసింది. "కానీ నేను వెళ్లేసరికే పాప నుదురు తడిగా ఉంది. ఆ తడిలో సిలువలా గ్రీజు మరక. నర్సు చూస్తే తిడుతుందని నేనే తుడిచేశాను."

ఎంత తోమినా గోళ్లలో నలుపు వదలని చేతులు రెంటినీ మెకానిక్ మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.