బొంత లోపలి మనిషి

"సదయ్యన్నా, లైట్ బాక్స్ ఉన్నదా?"

"లైట్ బాకీనా? కంపెనీ క్వార్టర్ల ఉండేటోళ్ళకు లైట్ బాకీ ఏంది చెల్లె?"

గోదావరిఖనిలో కరెంటు కోతలైనా ఆగుతాయేమో గాని సదయ్య కోతలు ఆగవు. దుకాణం నిండా ట్యూబులైట్లే. ఆయన బుర్రలోని ట్యూబు మాత్రం ఆలస్యంగా వెలుగుతుంది.

"బాకీ కాదన్నా, బాక్సు! పైన అద్దం, కింద లైటు. మా అమ్మ కుట్టిన బొంత పైగుడ్డ చినిగింది. కొత్త గుడ్డ ఏసి, అమ్మ కుట్టిన పూల మీదనే మళ్ళ కుట్టాలె. కింద లైటుంటెనే పాత కుట్లు కనబడ్తయి."

"బజార్ల కొత్త పరుపులు లేవా?"

జమున చెయ్యి కడుపు మీదికి పోయింది. మొదటి ఇద్దరినీ బజారు పరుపుల మీదే పండబెట్టింది. ఇద్దరూ దక్కలేదు. తాను బతికి బట్టకట్టింది మాత్రం ఆ బొంత బట్టలోనే. 'నీ పిల్లల్ని దీంట్లనే పండబెట్టు' అని అమ్మ పూలమ్మ పోయేముందు చెప్పింది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

"నేను చేసిస్త బిడ్డా."

గడప బయట టీ గ్లాసుతో నిలబడ్డ ముసలాయన. బస్సు దిగి అప్పుడప్పుడు కనిపిస్తాడు. లోపలికి మాత్రం రాడు.

"నీకొస్తదా కాకా?" అన్నాడు సదయ్య.

"నీ పాత షోకేసు అద్దం, ఒక ట్యూబులైటు ఇయ్యి. స్టూళ్ళు ఇంట్ల ఉంటయి. గంతే."

"మరి బాక్సేది?"

"ఎలుగుంటె చాలదా?"

సెంటినరీ కాలనీ. జమున క్వార్టరు వరండా. ముసలాయన రెండు స్టూళ్ళ మీద అద్దం పరిచాడు. వెలుగు కళ్ళలో గుచ్చుకోకుండా అద్దం అడుగున తెల్లకాగితం అంటించాడు. కింద ట్యూబులైటు కట్టాడు.

పొద్దుగూకింది.

జమున బొంత పరిచింది. ఆయన స్విచ్చి వేశాడు.

చిలుకలు, చేమంతులు ఒక్కో కుట్టూ పైకి లేచాయి.

వాటితోపాటు ఇంకొకటి కూడా లేచింది.

మనిషి. చేతులు రొమ్ము మీదికి ముడుచుకొని, బొంత లోపల పడుకున్న మనిషి.

జమున కెవ్వుమని వెనక్కి జరిగింది.

"భయపడకు. అంగి బిడ్డా, ఉత్త అంగి."

"బాపు అంగి!" జమున కళ్ళు నిండాయి. ఆమె కడుపులో ఉండగానే తండ్రి గని నీళ్ళలో పోయాడు. "లోపల మగమనిషి అంగి ఉన్నదని అమ్మ అంటుండె. మా బాపుదే!"

ముసలాయన గుడ్డ మీదినుంచే అంగి చెయ్యి తడిమాడు.

"బొగ్గు మరక ఇంక పోలే," అన్నాడు మెల్లగా.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన జైపాల్ వరండా మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఈ రాజంగాన్ని ఎవరు రానిచ్చిండ్రు?"

ఆ పేరు జమున చిన్నప్పటినుంచీ విన్నదే. ఆ మనిషి ఈయనేనని ఇప్పుడే తెలిసింది.

"మీ బాపోళ్ళతోని గనిల దిగినోడు," మొగుడు అరుస్తున్నాడు. "అందరిని నీళ్ళు మింగినయి, ఈయనొక్కడే పైకొచ్చిండు. గని మీద ఎదురు గూడ రానియ్యరు. కడుపుతోనున్న ఇంట్లకు పిలుస్తవా?"

జమున రెండు చేతులతో కడుపు కప్పుకుంది.

"పో కాకా," అంది. "నువ్వు పో."

ముసలాయన స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు. గేటు దగ్గర ఆగాడు.

"ఎడమ దిక్కు కుట్టేటప్పుడు పైలం బిడ్డా. గుండీ ఉంటది. సూది ఇరుగుతది."

అంత మాటన్న జైపాల్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. గడపలో పసుపునీళ్ళు చల్లాడు.

జమున రోజూ ఆ వెలుగు మీదే కుట్టింది. సూది దిగినప్పుడల్లా లోపలి మనిషి మూలిగినట్టయ్యేది. 'ఓర్చుకో బాపూ' అనుకునేది.

ఆడపిల్ల పుట్టింది. బొంతలో పండబెట్టారు. పిల్ల దక్కింది.

పిల్లను తొట్టెలలో వేసే నాటికి తెలంగాణ కోసం రోడ్ల మీదే పొయ్యిలు వెలుగుతున్నాయి. పిల్లకు హర్షిణి అని పేరు పెట్టారు. వచ్చినవాళ్ళలో సదయ్య టీ తాగుతూ ఒక కబురు చెప్పాడు.

"ఆ ముసలాయన లేడా, పోయిండట. బస్టాండుల."

"పీడ పోయింది," అన్నాడు జైపాల్.

అందరూ విస్తళ్ళ ముందు కూచున్నాక మేనత్త సారక్క వచ్చింది, కమాన్‌పూర్ నుంచి.

"ఏం జేతు! రోడ్డు మీద వంటావార్పు, బస్సును కదలనియ్యలే."

జమున తొట్టెల దగ్గరికి తీసుకుపోయింది.

"చూడత్తా, మా బాపు అంగే కాపాడింది నా బిడ్డను."

సారక్క బొంత తడిమింది.

"మీ బాపు అంగెక్కడిది? తమ్ముని మీది దారంపోగు గూడ పైకి రాలే. ఇంట్లయి దినాలనాడే ఇచ్చేసినం."

విస్తళ్ళ ముందున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"నీకంటె ముందు ఇద్దరు దక్కలే మీ అమ్మకు. అన్ని నీళ్ళల్లకెళ్ళి పానంతోని వచ్చినోని అంగిల పండబెడ్తె నువ్వు బతుకుతవన్నది. అందరు ఆయన మీద ఉమ్మేస్తున్నరు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, నిన్నెత్తుకొని పోయి ఆయన గడప తొక్కింది. నేను పక్కనే ఉన్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"తెలిస్తె బొంతను తగలబెడ్తరని. ఆయన ఒక్క మాట మాట్లాడలే బిడ్డా. గనిలకెళ్ళి పైకొచ్చిన నాటి అంగే తొడుక్కొని ఉండె. విప్పి నీ మీద కప్పి, ఉత్త పెయ్యితోని నిలబడ్డడు."

జమున తొట్టెల తాడు పట్టుకుంది.

సారక్క పిల్లను బొంతతో సహా చేతుల్లోకి తీసుకుని చుట్టూ చూసింది.

"రాజం అని, ఉన్నడా ఇంక? ఉంటె పిల్లను తీస్కపోయి ఆయన కాళ్ళ మీద పండబెట్టుండ్రి."