గురక గీత

తన కొత్త నవల రాతప్రతిని పైకి చదువుతున్నదల్లా ఆపి, రచయిత్రి ఎర్ర పెన్నుతో ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది.

గొంతు ఆగగానే మంచం మీద గురకా ఆగింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి, యూనిఫాంతోనే ఒరిగిన భర్త కళ్ళు తెరిచాడు.

"అదేంటి, కొట్టేశావ్?"

"మీరు నిద్రపోయారుగా. అంటే అక్కడ కథ చప్పబడినట్టే. మొదటి నవల నుంచీ ఇదే నా లెక్క. మీరు గురక పెట్టిన పేజీ ఒక్కటీ అచ్చుకి పోలేదు."

అతను లేచి కూర్చున్నాడు.

"ఓసి నీ దుంప తెగ! కథ బాగోక కాదే నిద్రపోయేది. నీ గొంతు వింటేనే నాకు నిద్ర పట్టేది. నీ కిందటి నవల పట్టుకుని నువ్వు సభలంటూ ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ కంటి మీద కునుకుంటే ఒట్టు!"

ఆ సభల్లో చదివిందే చదివి ఆమె గొంతు బొంగురుపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఏ ఊళ్ళో ఏం చదివిందో ఇప్పుడు గుర్తు లేదు.

"సాయంత్రానికల్లా దిద్ది పంపమని పబ్లిషరు ప్రాణం తీస్తున్నాడండీ."

"పంపుదువుగానీ. ఆ కొట్టేసిందే మళ్ళీ చదువు."

"మళ్ళీ నిద్రపోతారు."

"పోతాను," అంటూ అతను ఇటు తిరిగి పడుకున్నాడు.

ఆమె పెన్నుకి మూత పెట్టి, ఆ బొంగురు గొంతుతోనే మొదలుపెట్టింది. రెండో పేరాకే గురక వినిపించింది.

ఆమె ఆపలేదు.