పదిహేడు తారు మచ్చలు

పిల్లాణ్ణి గిల్లి ఉయ్యాల ఊపడం అందరికీ చేతకాదు. కారు డాక్టరు అందులో చేయి తిరిగినవాడు.

డాక్టరంటే నిజం డాక్టరు కాదు. కార్లు కడిగే షెడ్డు ఒకటుంది అతనికి. రంగు మీద పడ్డ తారును గీత కూడా పడకుండా తీస్తాడని వీధి చివరి అపార్ట్‌మెంటు వాళ్లు ముచ్చటపడి ఇచ్చిన బిరుదు అది. తారు అసలు ఎలా పడుతోందని మాత్రం మొదట్లో ఎవరూ అడగలేదు. పక్క వీధిలో రోడ్డు వేస్తున్నారు. రోడ్డన్నాక తారుంటుంది, తారన్నాక కారుకు అంటుకుంటుంది. చదువుకున్నవాళ్లకు ఆ మాత్రం తర్కం చాలు.

వాళ్ల తర్కమే డాక్టరుకు అన్నం పెడుతోంది. మధ్యాహ్నం వాచ్‌మన్ తాత భోజనానికి లేవగానే, రోడ్డు పని దగ్గర గీక్కొచ్చిన తారును కిరోసిన్‌తో కాస్త పలచన చేసి, చిన్న డబ్బాలో పోసుకుని, వెనక గోడ సందులోంచి కార్ల మధ్యకు చేరేవాడు. అగ్గిపుల్లతో ఒద్దికగా చుక్కలు పెట్టేవాడు. తెల్ల కార్లకు నాలుగు ఎక్కువే పడేవి. ఎంతైనా కళాకారుడు. ఏ కారుకు ఎక్కడ ఎన్ని పెట్టాడో అతనికి కంఠతా వచ్చు.

మర్నాడు ఆ కార్లన్నీ షెడ్డు ముందు వరస కట్టేవి. నీలం సీసాలోంచి రహస్య ద్రావకం గుడ్డ మీద ఒంపి, మచ్చ మీద అద్ది, అయిదు నిమిషాలు ఆగి, అప్పుడు మెత్తగా తుడిచేవాడు.

"గోకితే రంగు పోతుంది సార్. నానబెడితే తారు పోతుంది" అని ఉపదేశం కూడా ఉచితంగా ఇచ్చేవాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫోన్‌లో కారు రంగు వినగానే, చూడకుండానే మచ్చలెన్నో, ఏ పక్కనో చెప్పడం మొదలెట్టాడు. జనం నోళ్లు తెరిచారు. అనుభవమంటే అదీ అన్నారు.

మూడో నెలలో చిక్కొచ్చింది. నెలరోజులుగా కదలని కార్లకు కూడా తారంటుతోందని అపార్ట్‌మెంటు సెక్రటరీ గమనించాడు. గమనించి ఆలోచించాడా అంటే, ఆ శ్రమ డాక్టరే తీసుకున్నాడు.

"ఎవరో ఆకతాయిలు లోపలికొస్తున్నారు సార్. తాత పెద్దవాడైపోయాడు, పాపం" అన్నాడు సెక్రటరీ చెవిలో.

ఆ పాపం అనే మాట బాగా పనిచేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకు కొత్తేం కాదు. ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టి, తాతను ఉద్యోగంలోంచి తీసేసి, కార్లన్నీ కడిగే పని ఏడాది పొడవునా డాక్టరుకే అప్పగించాలని అనుకున్నారు. ఉద్యోగం పోతే తాతకు మెట్ల కింది గది కూడా పోతుంది. ఆ గదిలో మంచం పట్టిన ముసలావిడ ఉందన్న సంగతి మీటింగు నోటీసులో రాయలేదు.

ఆ ఆదివారం ఉదయం మూడో అంతస్తు టీచరమ్మ డాక్టరుకు కబురు పెట్టింది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అతను వచ్చేసరికి ఆవిడ కారు మీద కవరు కప్పి ఉంది. పక్కన సెక్రటరీ ఉన్నాడు. స్తంభం దగ్గర టోపీ చేత్తో పట్టుకుని తాత నిలబడ్డాడు.

టీచరమ్మ మడిచిన కాగితం ఒకటి సెక్రటరీ జేబులో పెట్టి, "ఇది తర్వాత చూద్దురుగాని" అంది. డాక్టరు వైపు తిరిగి, "మీకే ఓటేద్దామనుకుంటున్నాను బాబూ. చూడకుండానే మచ్చలు చెప్తారటగా? నాకైతే నమ్మకం లేదు" అంది.

"చెప్తాడమ్మా! నా కారుకి పదకొండన్నాడు. పదకొండే ఉన్నాయి" అన్నాడు సెక్రటరీ, తనే చెప్పినంత గర్వంగా.

ఇంత పొగిడాక డాక్టరు ఆగుతాడా? కవరు మీద అరచేయి ఆన్చి, నాడి చూస్తున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

"పదిహేడు మేడం. ఎడమ తలుపు కింద ఆరు. వెనక బంపరు మీద పది. ఇంకోటి పెట్రోలు మూత మీద."

"కచ్చితంగానా?"

"ఒక్కటి తేడా వచ్చినా ఈ పని మానేస్తా."

"సరే. నా దగ్గర జవాబు రైటయితే సరిపోదు బాబూ, లెక్క ఎలా చేశారో కూడా చూపించాలి" అని ఆవిడ తాతకు సైగ చేసింది.

తాత కవరు లాగాడు. తెల్ల కారు తళతళలాడింది. మచ్చన్నది లేదు.

డాక్టరు ఎడమ తలుపు దగ్గర వంగి చూశాడు. బంపరు చుట్టూ తిరిగాడు. గోకకూడదని ఊరందరికీ చెప్పినవాడు పెట్రోలు మూతను గోటితో గోకాడు.

సెక్రటరీ పకపకా నవ్వాడు. "పదిహేడన్నావు, ఒక్కటీ లేదేంటయ్యా? ఈసారి లెక్క తప్పావు!"

"తప్పలేదు. ఆ కాగితం చదవండి" అంది టీచరమ్మ.

సెక్రటరీ విప్పి పైకే చదివాడు. "ఎడమ తలుపు ఆరు. బంపరు పది. పెట్రోలు మూత ఒకటి. మొత్తం పదిహేడు." చదువుతూంటే గొంతులో నవ్వు ఆరిపోయింది. "ఇది... ఇదెవరు లెక్కపెట్టారు?"

మూడు నెలలుగా ఎవరూ ఏమీ అడగని తాత టోపీ పెట్టుకుని ముందుకొచ్చాడు.

"నేనే బాబూ, నిన్న సాయంత్రం తుడుస్తూ లెక్కపెట్టాను. డాక్టరుగారు చెప్పినట్టే గోకలేదు, వంటనూనె రాసి అయిదు నిమిషాలు నానబెట్టాను."