వెన్ను నీటిలో వెతుకులాట

మూడోసారీ తెర మీద గీత లేవలేదు. యంత్రం ముందు కూర్చున్నావిడ గ్లౌజులు విప్పేసి, మళ్లీ కొత్తవి తొడుక్కుంది.

మెదడులో గడ్డ పుడితే దాని ప్రొటీన్లు వెన్నులోని నీటిలోకి జారతాయి. అవేవో పట్టుకోవడానికి ఆవిడ ఆరేళ్లు తల బద్దలు కొట్టుకుంది. చివరికి మూడు దొరికాయి. గడ్డ ఉన్నవాళ్ల నీరు పోస్తే తెర మీద గీత మూడు చోట్ల నిటారుగా లేస్తుంది. లేనివాళ్లదైతే బల్లపరుపుగా సాగిపోతుంది.

ఇవాళ ట్యూబులో ఉన్నది మొగుడి నీరు.

మూడు నెలలుగా మనిషి మనిషిలా లేడు. పదిహేనేళ్లు లొడలొడా వాగినవాడు ఇప్పుడు అడిగినదానికి అవును, కాదు అంటాడు. ఏం వండినా ఎంగిలిపడి లేస్తాడు. మంచం పక్క గదిలోకి మార్చుకున్నాడు. తలనొప్పా అంటే లేదంటాడు.

నుదుటి వెనక గడ్డ వస్తే మనిషి స్వభావమే మారిపోవచ్చని నరాల డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట పట్టుకుని స్కాన్ తీయించింది. ఏమీ లేదన్నారు. స్కానుకు అందనంత చిన్నదేమో! మరి తన పరీక్ష ఉన్నదెందుకు?

కాళ్లావేళ్లా పడితే మొగుడు ఒప్పుకున్నాడు. పక్కకు తిరిగి ముడుచుకుని పడుకున్నాడు. వీపులో సూది దిగేముందు ఒక్కటే అడిగాడు.

“ఈ ఒక్కటీ చేయించుకుంటే ఇక నన్ను వదిలేస్తావుగా?”

సరేనంది.

నాలుగోసారి పోసింది. పోల్చి చూడడానికి పెట్టిన రోగి నీటికి గీత మూడు చోట్లా టంచనుగా లేచింది. యంత్రంలో లోపం లేదన్నమాట. మొగుడి గీత మాత్రం లేవలేదు.

ల్యాబులో తోటి ఉద్యోగిని, పాత స్నేహితురాలు, ఇదంతా చూస్తూనే ఉంది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని విసుక్కుంది.

“తాడును పట్టుకుని పాము పాము అంటున్నావే. ఇలాంటి రిపోర్టు కోసం జనం ఎంత తపిస్తారో నీకు తెలీదా? ఆయనకేం లేదు. ఫోన్ చేసి చెప్పు.”

“ఇంకొక్కసారి చూద్దామే.”

ట్యూబులో చుక్క మిగల్లేదు.

ఆవిడ బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. గండం గడిచింది కదా, కరువుతీరా ఏడవనీ అనుకుని స్నేహితురాలు వీపు నిమిరింది.

గడ్డే లేకపోతే, మూడు నెలల కిందట “నువ్వంటే నాకు ఇష్టం పోయింది, విడిపోదాం” అన్నది అచ్చంగా ఆయనే.